వెనక రెక్క తెరిచి దాటినదాన్ని ఓవర్‌టేక్ అనొచ్చా?

లేట్‌బ్రేకర్

మా సిమ్ రేసింగ్ (కంప్యూటర్‌లో ఆడే కార్ల రేసులు) లీగ్‌లో వచ్చే సీజన్‌కి డీఆర్‌ఎస్ ఉంచాలా, తీసేయాలా అని ఓటింగ్ పెట్టారు. డీఆర్‌ఎస్ అంటే ముందు కారుకి సెకను లోపు ఉన్నవాడు స్ట్రెయిట్‌లో బటన్ నొక్కితే వెనక రెక్క తెరుచుకుని, ఎదురు గాలి తగ్గి, వేగం పెరిగే ఏర్పాటు. ఆదివారం లోపు చెప్పాలి. నాకు ఎటూ తేలడం లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మొన్న జరిగింది చెప్తే నా బాధేంటో తెలుస్తుంది. పాతిక ల్యాపుల రేసు. అందులో పద్నాలుగు ల్యాపులు నేనే ముందున్నాను. మెయిన్ స్ట్రెయిట్‌కి ముందున్న ఆఖరి మలుపులో ఆ ల్యాప్‌లో కూడా చేయాల్సిందంతా చేశాను. బ్రేక్ సరిగ్గా పడింది, లోపలి చక్రం కెర్బ్ (ట్రాక్ అంచు) మీద పెట్టాను, తొందరపడకుండా థ్రాటిల్ (యాక్సిలరేటర్) తొక్కుతూ బయటికొచ్చాను. తెర మీద తేడా 0.8 సెకన్లు. స్ట్రెయిట్ సగానికి వచ్చేసరికి వెనకతను నా పక్కనున్నాడు. ఇంకాసేపటికి నా ముందున్నాడు. బ్రేకింగ్ బోర్డు (మలుపు ఇంకా ఎన్ని మీటర్లుందో చెప్పే పలక) ఇంకా రానేలేదు! నేను స్టీరింగ్ కూడా కదపలేదు. కదిపి చేసేదేముంది? మరుసటి ల్యాప్‌లో అతని మీద నేనూ అదే పని చేశాను. చేశాను అంటే బొటనవేలితో బటన్ నొక్కాను, అంతే.

రేసయ్యాక చాట్‌లో అతను "సారీ అన్నా, స్ట్రెయిట్‌లో అలా దాటేశాను" అని పెట్టాడు. అప్పట్నుంచి నా బుర్రలో పురుగు తొలుస్తోంది. ఓవర్‌టేక్ చేసినవాడు సారీ చెప్పడమేంటి? లోపలి వైపు దూరి, బ్రేక్ ఆఖరి క్షణంలో వేసి దాటిన రోజు ఎవరైనా సారీ చెప్పారా? పక్క గదిలో పడుకున్నవాళ్లు లేచేలా కేకలేస్తాం.

సరే, అసలు లేకపోతే ఎలా ఉంటుందో చూద్దామని మర్నాడు రాత్రి మేమిద్దరమే కూర్చుని డీఆర్‌ఎస్ ఆపేసి ఇరవై ల్యాపులు తిరిగాం. అది ఇంకా ఘోరం. ఆ ట్రాక్‌లో నాలుగోది పొడుగాటి కుడి మలుపు, ఐదో గేర్‌లో పోయేది. ఒంటరిగా వెళ్తే స్టీరింగ్ చేతుల్లో బరువుగా ఉంటుంది, కారు నేలని కరుచుకుని ఉందని తెలుస్తుంది. అతని వెనక అర సెకను దూరంలో ఉన్నప్పుడు అదే మలుపులో స్టీరింగ్ ఒక్కసారిగా తేలిపోయింది, నిండు బిందె అనుకుని ఖాళీ బిందె ఎత్తినట్టు. చక్రాలు తిరిగాయి, కారు తిరగలేదు. థ్రాటిల్ వదలక తప్పలేదు. వదిలానా, మలుపు దాటేసరికి అర సెకను కాస్తా సెకను పైకి పోయింది. మూడు ల్యాపులు అలా వెంటాడేసరికి ముందు ఎడమ టైరు వేడెక్కి తెర మీద ఎర్ర రంగులోకి వచ్చేసింది. ఒంటరిగా తిరిగితే ల్యాపుకి సెకనులో నాలుగు పదో వంతులు అతని కంటే నేనే వేగం. అయినా ఇరవై ల్యాపుల్లో ఒక్కసారి కూడా దాటలేకపోయాను.

ఉంటే దొంగసొమ్ము, లేకపోతే ఊరేగింపు. దాటడానికి సాయాన్ని ఇలా కారు రెక్కల్లోనే కట్టిపెట్టాల్సిన అవసరం రేసింగ్‌కి నిజంగా ఉందా? ఫార్ములా వన్ వాళ్లు 2011లో మొదలుపెట్టి 2025 సీజన్‌తో డీఆర్‌ఎస్‌కి స్వస్తి చెప్పారు. వాళ్లకే వద్దన్నది మనకెందుకని లీగ్‌లో ఒకరి వాదన. వాళ్లు మార్చింది పేరే అని ఇంకొకరి వాదన. మీరేమంటారు?

గాలిసొరంగం

నీ ప్రశ్నకి జవాబు ఆ ఖాళీ బిందెలోనే ఉంది. అది రోగం. డీఆర్‌ఎస్ దానికిచ్చిన నొప్పి మాత్ర. ఇద్దర్నీ ఒకే బోనులో నిలబెట్టకు.

కాలేజీలో స్టూడెంట్ రేస్ కారుకి రెక్కలు చేసిన బ్యాచ్‌లో ఉన్నాను. రెండేళ్లు కంప్యూటర్ మీద గాలి బొమ్మలు చూడటమే పని. అక్కడ మేం ఒక మాట వాడేవాళ్లం: ఎంగిలి గాలి. ముందు కారు మంచి గాలిని తన రెక్కలకీ, అడుగు భాగానికీ వాడేసుకుంటుంది. వెనక్కి వదిలేది వేగం చచ్చిపోయి, సుడులు తిరుగుతున్న గాలి. వెనక కారు రెక్కకి దొరికేది అదే. స్ట్రెయిట్‌లో ఎంగిలి గాలి మంచిదే, ఎదురు గాలి తగ్గుతుంది కాబట్టి వేగం వస్తుంది. స్లిప్‌స్ట్రీమ్ అంటే అదే కదా. మలుపులో మాత్రం కారుని నేలకి నొక్కి పెట్టేది గాలే. ఆ గాలి ఎంగిలిదైతే ముందు చక్రాలు జారతాయి, జారిన టైరు కాగుతుంది, కాగిన టైరు ఇంకా జారుతుంది. స్ట్రెయిట్‌లో వచ్చే లాభం తినాలంటే ముందు మలుపులో దగ్గరగా ఉండాలి, అక్కడే ఉండలేవు. అదీ చిక్కు.

ఎంత పోతుందో అంకెల్లో చెప్తాను. 2022 కార్లు వచ్చినప్పుడు ఫార్ములా వన్ వాళ్లే చెప్పిన లెక్క ఇది: 2021 కారు ఇంకో కారు వెనక 20 మీటర్ల దూరంలో ఉంటే 35 శాతం డౌన్‌ఫోర్స్ (కారుని నేలకి నొక్కే గాలి బలం) పోయేది, 10 మీటర్లలో ఉంటే 46 శాతం. అంటే దాదాపు సగం కారుతో మలుపు తిరగమన్నట్టు. కొత్త కారుకి అవే దూరాల్లో 4 శాతం, 18 శాతం. అందుకోసమే డౌన్‌ఫోర్స్‌లో ఎక్కువ భాగం కారు అడుగు నుంచి వచ్చేలా చేసి, ఎంగిలి గాలిని వెనక కారు నెత్తి మీదుగా పైకి విసిరేలా గీశారు.

బాగానే మొదలైంది. కానీ టీముల్లో కూర్చున్నవాళ్ల పని పక్కవాడి రేసు బాగుండాలని చూడటం కాదు కదా. సొంత కారు వేగం కోసం అక్కడో అంచు, ఇక్కడో మడత పెట్టుకుంటూ ముందు చక్రాల దగ్గరి గాలిని మళ్లీ పక్కలకి నెట్టడం మొదలుపెట్టారు. రెండు మూడు సీజన్లు తిరిగేసరికి డ్రైవర్లు మళ్లీ పాత పాటే అందుకున్నారు. 2009లోనూ ఇదే కథ. ఓవర్‌టేకింగ్ పెంచడానికి ప్రత్యేకంగా ఒక బృందాన్ని వేసి నియమాలు రాయించారు. సీజన్ మొదలయ్యేసరికి మూడు టీములు డబుల్ డిఫ్యూజర్ (కారు అడుగు వెనక భాగం నుంచి అదనపు డౌన్‌ఫోర్స్ లాగే ఏర్పాటు) అనే కంత కనిపెట్టి కూర్చున్నాయి.

ఆ 2009 నియమాల్లో ఇంకోటి ఉండేది, ఎవరికీ గుర్తుండదు. డ్రైవర్ ల్యాపుకి రెండు సార్లు ముందు రెక్క ఫ్లాప్‌ని ఆరు డిగ్రీల వరకు మార్చుకోవచ్చు. ఎంగిలి గాలిలో పోయిన ముందు గ్రిప్ తిరిగి తెచ్చుకోవడానికి. రోగం ఉన్నచోటే మందు అన్నమాట. నాకైతే ఆ ఆలోచన డీఆర్‌ఎస్ కంటే నచ్చింది. రెండేళ్లకే తీసేసి, స్ట్రెయిట్‌లో వెనక రెక్క తెరవడం తెచ్చారు.

పాతటేపులు

మీ ఇద్దరూ ఒక విషయం ముందే ఒప్పేసుకుని మాట్లాడుతున్నారు: ఓవర్‌టేక్ లేకపోతే రేసు లేదని. నేను ఒప్పుకోను.

1981లో స్పెయిన్‌లో, హరామా ట్రాక్ మీద జిల్ విల్నెవ్ గెలిచిన రేసు దొరికితే చూడండి. ఆయన ఫెరారీకి టర్బో ఇంజన్ బలం ఉంది, మలుపుల్లో మాత్రం పడవలా ఊగేది. వెనక నాలుగు కార్లు, నాలుగూ మలుపుల్లో ఆయన కంటే వేగం. ల్యాపుల తరబడి తరుముతూనే ఉన్నారు, ఒక్కరూ దాటలేదు. ఐదు కార్లూ 1.24 సెకన్లలో గీత దాటాయి. ఆ రోజు వెనక నలుగురికీ తలో బటన్ ఇచ్చి ఉంటే ఆయన ఐదో స్థానంలో వచ్చేవాడు, మనం ఆ రేసు పేరు కూడా ఎత్తేవాళ్లం కాదు.

2005 ఇమోలా కూడా అంతే. షూమాకర్ ఎంత వేగంగా ఉన్నా అలొన్సో ఆఖరి దాకా దారివ్వలేదు, 0.215 సెకన్ల తేడాతో గెలిచాడు. దాటడం జరగలేదు. ఆ చివరి ల్యాపులు చూస్తూ నేను కూర్చోలేకపోయాను, టీవీ ముందు నిలబడే ఉన్నాను. ఆ టెన్షన్ అంతా "ఇప్పుడు దాటుతాడేమో" అన్న అనుమానంలో ఉంది. డీఆర్‌ఎస్ వచ్చాక ఆ అనుమానం పోయింది, "ఏ ల్యాప్‌లో దాటుతాడు" అన్న లెక్క మిగిలింది. 2011 టర్కీ రేసులో కార్లు ఒకదాన్నొకటి దాటుతూనే ఉన్నాయి, అందులో ఒక్కటి చెప్పమంటే నాకు గుర్తు లేదు.

అడ్డుకోవడం కూడా విద్యే. దాన్ని చంపేసి దాటడాన్ని బతికించామంటే ఎలా?

లేట్‌బ్రేకర్

గురువుగారూ, ఇమోలా విషయంలో మీ మాట కాదనను. కానీ మీరు చెప్పిన అదే అలొన్సోని 2010 అబుదాబిలో కూడా చూశాం కదా. టైటిల్ తేలే రేసు. పిట్‌లోంచి (టైర్లు మార్చే చోటు) వచ్చి పెట్రోవ్ వెనక పడ్డాడు, దాదాపు 40 ల్యాపులు అక్కడే. నాలుగో స్థానం చాలు చాంపియన్ అవ్వడానికి, ఏడో స్థానంలో వచ్చాడు, నాలుగు పాయింట్లతో టైటిల్ వెటెల్‌కి పోయింది. అక్కడ పెట్రోవ్ విల్నెవ్‌లా విద్య చూపించాడంటారా? తప్పు చేయకుండా నడిపాడు, అది నిజం. మిగతా కాపలా అంతా ఎంగిలి గాలి కాసింది. (మాట బాగుంది, వాడేసుకుంటున్నాను.)

నా ఇరవై ల్యాపులూ అలాగే గడిచాయి. ముందున్నతను నన్ను అడ్డుకోలేదు, అద్దం కూడా చూసుకోలేదట! నాలుగో మలుపే నన్ను ఆపేసింది.

పిట్‌బోర్డు

తీసేయొద్దు, గీత మార్చండి. నేను చెప్పేది ఇంతే, కానీ ఎందుకో చెప్పాలి కాబట్టి కాస్త పొడుగవుతుంది.

అందరూ రెక్క గురించే మాట్లాడతారు. ఆట అంతా డిటెక్షన్ గీత దగ్గర ఉంటుంది. ఆ గీత దగ్గర సెకను లోపు వెనక ఉన్నవాడికే బటన్ పనిచేస్తుంది. 2022 బహ్రెయిన్‌లో వెర్‌స్టాపెన్ వరసగా మూడు ల్యాపులు మొదటి మలుపులో లెక్లెర్‌ని దాటాడు. మూడు సార్లూ లెక్లెర్ నాలుగో మలుపుకల్లా వెనక్కి తీసుకున్నాడు. ఎలా? మొదటి మలుపు దగ్గర మొండిగా పోట్లాడలేదు. కాస్త ముందే బ్రేక్ వేసి, అతన్ని పోనిచ్చి, తర్వాతి గీత దగ్గర తనే వెనక ఉండేలా చూసుకున్నాడు. బటన్ ఇప్పుడు తన చేతికొచ్చింది. వారం తర్వాత జెద్దాలో ఇంకా విచిత్రం. ఆఖరి మలుపు ముందున్న గీతని ముందుగా దాటడం ఇద్దరికీ ఇష్టం లేదు. "మీరు ముందు" "కాదు మీరు ముందు" అన్నట్టు గంటకి వందల కిలోమీటర్ల వేగంతో పోతున్న ఇద్దరూ బ్రేకులు తొక్కారు. నవ్వొచ్చింది, భయమూ వేసింది.

2023 సింగపూర్ అయితే నాకు మరీ ఇష్టం. కార్లోస్ సైన్స్ అనే డ్రైవర్ ముందున్నాడు, వెనక నోరిస్, ఆ వెనక కొత్త టైర్లతో రెండు మెర్సిడీస్‌లు మీదికొస్తున్నాయి. సైన్స్ కావాలనే వేగం తగ్గించి నోరిస్‌ని సెకను లోపు ఉంచుకున్నాడు. ఎందుకంటే అప్పుడు నోరిస్‌కి డీఆర్‌ఎస్ దొరుకుతుంది, మెర్సిడీస్‌లు నోరిస్‌ని దాటలేవు. శత్రువుకి తన గొడుగు ఇచ్చి వాడినే గోడగా నిలబెట్టుకున్నాడు. దాటడానికి పెట్టిన సాయంతో దాటకుండా ఆపాడు! పాతటేపులు గారూ, ఇది అడ్డుకునే విద్య కాదంటారా?

సాయం మితిమీరితే ఏమవుతుందో కూడా చూశాం. 1998లో అమెరికాలో కార్ట్ (CART) అనే రేసు సిరీస్ వాళ్లు మిషిగన్ లాంటి పెద్ద ఓవల్ ట్రాక్‌ల కోసం వెనక రెక్కకి హ్యాండ్‌ఫోర్డ్ డివైస్ అని ఒక పలక తగిలించారు. అది గాలికి అడ్డుపడి కారు వెనక పెద్ద ఖాళీ చేస్తుంది, వెనకవాడు అందులోకి జారుకుంటాడు. ఆ ఏడాది మిషిగన్ రేసులో ఆధిక్యం 62 సార్లు చేతులు మారింది. చూడటానికి పండగే. కానీ ఆఖరి ల్యాప్‌లో ముందుండటం శాపమైపోయింది, రెండోవాడిగా ఉండటమే మంచి చోటు. ముందుండాలని ఎవరూ కోరుకోని రేసు ఏం రేసు?

కాబట్టి నా కొలత ఒకటే. బటన్ నొక్కితే బ్రేకింగ్ బోర్డు దగ్గరికి పక్కకి చేరాలి, అంతకు ముందే దాటిపోకూడదు. మీ గేమ్‌లో ట్రాక్ ఫైల్ తెరిచి జోన్ (రెక్క తెరవనిచ్చే భాగం) ఎక్కడ మొదలవ్వాలో మార్చగలిగితే, రెండు వందల మీటర్లు ముందుకి జరిపి చూడండి. జోన్ పొట్టిదైతే నొక్కినా అంత దూరం రాదు.

రెండుచక్రాలు

కార్లవాళ్లే ఏడుస్తున్నారనుకోకండి. మోటోజీపీలో (మోటార్‌సైకిల్ రేసులు) రెక్కలు వచ్చాక మాకూ ఇదే గోల. దగ్గరగా వెంటాడితే ముందు టైరు వేడెక్కి ప్రెషర్ పెరిగిపోతుంది, బ్రేక్ వేస్తే ముందు చక్రం నిలవదు. మళ్లీ కనీస ప్రెషర్ నియమం ఒకటి. 2025 థాయ్‌లాండ్‌లో ముందున్న మార్క్ మార్కెజ్ మంచి గాలిలో పోతుంటే ప్రెషర్ చాలక, తమ్ముడు అలెక్స్‌ని ముందుకి పోనిచ్చి వెనక ఎంగిలి గాలిలో టైరు కాచుకుని, చివర్లో దాటి గెలిచాడు. చలి కాచుకున్నట్టు! 2027 నుంచి రైడ్ హైట్ పరికరాలు (బైకుని నేలకి దగ్గరగా దించేవి) నిషేధం, రెక్కలూ తగ్గిస్తున్నారు. సాయం పెట్టే బదులు తీసేసే దారి అది. నా ఓటు దానికే.

గాలిసొరంగం

తీసేసే దారి బాగానే ఉంటుంది కానీ కార్లలో రెక్కలు తగ్గిస్తే ల్యాప్ టైము పోతుంది, దానికి ఎవరూ ఒప్పుకోరు. 1968 ప్రాంతంలో రెక్కలు రుచి చూశాక మళ్లీ వెనక్కి వెళ్లిందే లేదు. 1969లో ఎత్తు రెక్కలు విరిగి ప్రమాదాలైతే ఎత్తు తగ్గించారు, రెక్కల్ని మాత్రం వదల్లేదు.

మొదటి పోస్టులో పేరు మార్పు సంగతి అడిగావు, అది పేరు మార్పు కాదు. 2026 నియమాల్లో రెక్కలు ఇంకా కదులుతాయి, ముందు రెక్క కూడా కదులుతుంది. కానీ అది అందరికీ. నిర్ణయించిన స్ట్రెయిట్‌లలో ముందున్నవాడూ తెరుస్తాడు, వెనకవాడూ తెరుస్తాడు. తేడా ఎంతన్న లెక్కే లేదు. అది గాలి నిరోధం తగ్గించి కరెంటు ఆదా చేయడానికి, దాటడానికి కాదు. దాటే సాయాన్ని బ్యాటరీ వైపు జరిపారు. ప్రకటించిన నియమాల ప్రకారం సెకను లోపు ఉన్నవాడికి 350 కిలోవాట్ల విద్యుత్ బలం గంటకి 337 కిలోమీటర్ల వేగం దాకా దొరుకుతుంది, ముందున్నవాడికి 290 దాటాక తగ్గుతూ పోతుంది.

నాకు ఇందులో నచ్చింది ఒకటే. బ్యాటరీ ఖర్చవుతుంది. ఇక్కడ వాడేస్తే ఇంకోచోట ఉండదు. రెక్క తెరవడానికి ఏ ఖర్చూ లేదు, ప్రతి ల్యాపూ ఉచితం. నీకు దొంగసొమ్ము అనిపించింది అందుకేనేమో.

లేట్‌బ్రేకర్

ఓటింగ్‌కి ముందు పిట్‌బోర్డు చెప్పింది చేసి చూశాం. ఫైల్‌లో మెయిన్ స్ట్రెయిట్ జోన్ మొదలయ్యే చోటు మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది. అందరి కంప్యూటర్లలోనూ అదే ఫైల్ ఉందో లేదో చూడటానికి రెండు గంటలు. అది వేరే కథ.

ఎనిమిది మందిమి పదిహేను ల్యాపులు తిరిగాం. తొమ్మిదో ల్యాప్‌లో నేను రెండోవాణ్ని, ముందు ఆ సారీ చెప్పినతనే. గీత దగ్గర తేడా 0.7. బటన్ ఎప్పుడెప్పుడు వెలుగుతుందా అని చూస్తే స్ట్రెయిట్ మూడో వంతు అయిపోయాక వెలిగింది. నొక్కాను. 150 బోర్డు దగ్గర నా ముందు చక్రం అతని వెనక చక్రం పక్కన ఉంది, అంతకు మించి లేదు. లోపలి వైపు అతను మూసేశాడు. నాకు మిగిలింది బయటి వైపు. 100 బోర్డుకి అతని బ్రేక్ లైటు వెలిగింది. నేను ఒకటి లెక్కపెట్టేంత ఆగి తొక్కాను, ఎడమ చక్రం కాస్త లాక్ అయింది, పొగ కూడా వచ్చింది. ఇద్దరం పక్కపక్కనే మొదటి మలుపు తిరిగాం. రెండో మలుపు అటు వైపుది కాబట్టి ఇప్పుడు లోపల నేనున్నాను. అక్కడ దాటాను. మూడో మలుపు బయటికొస్తూ తొందరపడి గడ్డి మీద చక్రం పెట్టి మళ్లీ రెండోవాణ్నయ్యాను, అది నా ఖర్మ.

చివరికి అతనే గెలిచాడు. పాతటేపులు గారికి వీడియో పంపిస్తాను. మొత్తం రేసులో ఆ స్ట్రెయిట్‌లో దాటినవి నాలుగే, అడ్డుకున్నవి అంతకంటే ఎక్కువ. అడ్డుకున్నవి కూడా చూడండి సార్, మీకు నచ్చుతాయి.

నా ఓటు ఉంచమనే వేశాను, పొట్టి జోన్‌తో. కానీ నాలుగో మలుపు తర్వాత వచ్చే రెండో జోన్ సంగతి తేలలేదు. డిటెక్షన్ గీత మలుపు బయట ఉంది, ఎంగిలి గాలి దెబ్బకి అక్కడికి సెకను లోపు ఎవరూ రాలేకపోతున్నారు. ఆ రాత్రి అందరిలో కలిపి ఆ జోన్‌లో రెక్క తెరుచుకున్నది రెండు సార్లే. గీతని మలుపుకి ముందు, బ్రేక్ వేసే చోటుకంటే ముందుకి జరిపితే కుదురుతుందా? జరిపితే జెద్దాలోలా అందరూ అక్కడ బ్రేకులు తొక్కుతారేమోనని భయం. గాలిసొరంగం, నీకు వీలైతే ఫైల్ పంపుతాను, ఒకసారి చూసి చెప్పు.